బేకను ఊహించిన ద్వీపము, జురాంగులో వెలసిన ద్వీపము

ఆంగ్లదేశపు తత్త్వవేత్తయు వ్యాసకర్తయు నగు ఫ్రాన్సిస్ బేకను 1626లో కన్నుమూసిన మరుసటి సంవత్సరము, ఆయన ముగింపక విడిచిన ‘న్యూ అట్లాంటిస్’ అను గాథ అచ్చుపడినది. దక్షిణ సముద్రమున దారితప్పిన నావికులకు బెన్సలేమను ద్వీపము గోచరించుటయు, అచ్చటి సాలమన్ గృహమను విద్వత్పరిషత్తు ప్రకృతి రహస్యములను శోధించి మానవాధికారమును విస్తరింపజేయుచుండుటయు అందలి వృత్తాంతము. భూగర్భమున లోతుగ త్రవ్విన గుహలను, నానావిధములగు కొలుములను, ఉప్పునీటినుండి మంచినీటిని వడగట్టు మడుగులను ఆ పరిషత్తు పెద్ద యొక్కొక్కటిగ వర్ణించుచుండ, ఆనాటి పాఠకులు పలువురు దానిని ఉబుసుపోక కథగనే చదివియుందురు.

సింగపూరునకు నైరుతి దిశనున్న జురాంగ్ ఐలాండ్ పూర్వోత్తరములు విచారించునపుడు ఆ గాథ తలపునకు రాక మానదు. ఇది ప్రకృతి యిచ్చిన ద్వీపము కాదు. పులావు ఆయర్ చవాన్, ఆయర్ మెర్బావు, మెర్లిమావు, పెసెక్, పెసెక్ కెచిల్, సక్రా, సెరాయా అను ఏడు చిన్న దీవుల నడుమనున్న సముద్రమును ఇసుకతో పూడ్చి, 1995 మొదలు 2009 వరకు జురాంగ్ టౌన్ కార్పొరేషన్ నిర్మించిన భూమి. మొదట సుమారు 10 చదరపు కిలోమీటర్లుండిన నేల 32 చదరపు కిలోమీటర్లకు పెరిగినది. పూడిక సగములో నుండగనే, 2000 అక్టోబరు 14న ప్రధాని గో చోక్ టోంగ్ దీనికి ప్రారంభోత్సవము చేసెను. అంతకు చాల ముందే, 1970 ప్రాంతమున, ఆయర్ చవాన్‌పై ఎస్సో సంస్థ చమురుశుద్ధి కర్మాగారమును నెలకొల్పినది. 1984లో ఆయర్ మెర్బావుపై పెట్రోకెమికల్ సముదాయము పని మొదలిడినది.

సింగపూరునకు తనదనదగిన చమురుబావి యొక్కటియు లేదు. పరదేశముల ముడిచమురు ఓడలపై వచ్చును. శుద్ధి కర్మాగారమున వెలువడిన నాఫ్తాను క్రాకరులో తీవ్రమగు వేడిమిచే విడగొట్టి ఇథిలీనును తీయుదురు. అది గొట్టముల వెంట ప్రహరీ దాటి పొరుగు కర్మాగారమునకు ముడిసరుకై పోవును. ఒకరి ఉత్పత్తి మరియొకరికి ఆహారమగు ఈ పొందికయే నూరుకు పైబడిన సంస్థలను ఒక్కచోటికి చేర్చినది. 1620లో వెలువడిన ‘నోవమ్ ఆర్గానమ్’ గ్రంథమున బేకను, చీమవలె ఊరక కూడబెట్టు పండితులను, సాలెపురుగువలె తనలోనుండియే దారము తీయు పండితులను అధిక్షేపించి, పూలనుండి గ్రహించినదానిని స్వశక్తిచే మార్చుకొను తేనెటీగను మెచ్చుకొనెను. పరిశ్రమల విషయమున ఆ మెప్పునకు జురాంగు తగినదనియే నా తలంపు.

గుహల ముచ్చట మరియు విచిత్రము. నేల చాలక, బన్యాన్ బేసిన్ అను సముద్రభాగము క్రింద, సుమారు 150 మీటర్ల లోతున రాతిని తొలిచి, 14.7 లక్షల ఘనపు మీటర్ల చమురు పట్టు అయిదు గుహలను నిర్మించి 2014 సెప్టెంబరులో తెరచిరి. 2022లో సముద్రజలమును మంచినీరు చేయు కేంద్రమును ఇచ్చటనే వెలసినది. బెన్సలేము పెద్ద చూచినచో తన పట్టికను ఎవరో దొంగిలించిరని శంకించెడివాడు కాబోలు!

గోప్యతలోను సామ్యము లేకపోలేదు. బెన్సలేమువారు లోకమును ఎరుగుదురు, లోకము వారినెరుగదు. జురాంగ్ ఐలాండ్‌లోనికి 2001 అక్టోబరు నుండి పాసు లేక ఎవ్వరికిని ప్రవేశము లేదు. గోదావరి తీరమునుండియు శ్రీకాకుళమునుండియు వచ్చి అచ్చట వెల్డింగు, ఫిట్టింగు పనులు చేయు మనవారు ఆదివారమున లిటిల్ ఇండియా వీథులలో కలిసికొని ఊరి కబుర్లు చెప్పుకొందురు. 1975లో స్థాపితమైన సింగపూరు తెలుగు సమాజపు ఉగాది వేడుకలకును పోవుదురు. తాము పనిచేయు చోటును మాత్రము ఇంటివారికి చూపింపజాలరు.

అయితే బేకను మెచ్చని సంగతియు నొకటి కలదు. 1625లో 58 వ్యాసములతో వెలువడిన సంపుటమున, వలసస్థావరములను గూర్చి వ్రాయుచు, ఉన్నవారిని పెళ్లగించి క్రొత్తవారిని నాటుట నాటుట కాదు, నిర్మూలించుటయే యను భావమును ఆయన ప్రకటించెను. ఈ దీవులలో తరతరములుగ చేపలు పట్టి బ్రతికిన మలయా కుటుంబములు పరిశ్రమల కొరకు దీవులను విడిచి ప్రధానభూమికి తరలిపోవలసివచ్చినది. ఇండ్లు దొరకినవి, పడవ నిలుపుకొను రేవు దొరకలేదు. బేకను మాత్రము తన సూక్తికి కట్టుబడెనా? వర్జీనియా, న్యూఫౌండ్లాండు వలస కంపెనీలు రెండింటను ఆయనకు పాలుండెను. అంతటి నీతిజ్ఞుడే 1621లో లంచముల అభియోగమును అంగీకరించి, ఛాన్సలరు పదవిని పోగొట్టుకొని, 40,000 పౌనుల జరిమానాకు గురియయ్యెను. ఆ జరిమానాను రాజు పిమ్మట మన్నించెను.

కొలుములను, వేడిమి భేదములను అంత శ్రద్ధగ పేర్కొన్న బేకను, ఆ పొగ యెటు పోవునో చెప్పకయే గాథను విడిచిపెట్టెను. జురాంగువారికి ఆ వెసులుబాటు లేదు: 2030 నాటికి కనీసము 20 లక్షల టన్నుల బొగ్గుపులుసు వాయువును పట్టి నిలుపు సామర్థ్యమును సమకూర్చుకొనవలెననియు, 2050 నాటికి ఏటేట 60 లక్షల టన్నులకు పైగ ఆ వాయువు వెలువడకుండ తగ్గింపవలెననియు 2021 నవంబరులో సింగపూరు ప్రభుత్వము లక్ష్యము విధించినది.