పక్కింట్లో అక్రమ కట్టడం: ఫిర్యాదు ఇస్తే జీహెచ్ఎంసీ ఏం చేస్తుంది?

పక్కింటివాళ్లు సెట్‌బ్యాక్ వదలకుండా గోడ లేపుతున్నారు. లేదా రెండంతస్తులకు పర్మిషన్ తీసుకుని నాలుగో స్లాబ్ వేస్తున్నారు. హైదరాబాద్‌లో ఇలాంటి ఫిర్యాదులు చూసేది జీహెచ్ఎంసీ టౌన్ ప్లానింగ్ విభాగం. సర్కిల్ ఆఫీసులో గానీ, సోమవారం ప్రజావాణిలో గానీ రాసి ఇవ్వొచ్చు. ఎక్కడిచ్చినా నంబరున్న రసీదు తీసుకోవాలి.

సిబ్బంది వచ్చి ప్లానుతో కట్టడాన్ని పోల్చి చూస్తారు. తేడా ఉంటే జీహెచ్ఎంసీ చట్టం (1955) సెక్షన్ 452 కింద యజమానికి షోకాజ్ నోటీసు ఇస్తారు. జవాబు సరిగా లేకపోతే స్పీకింగ్ ఆర్డర్, అంటే కారణాలు రాసిన తుది ఉత్తర్వు. ఆ తర్వాత కూల్చివేత. 461-ఎ కింద సీజ్ చేసే అధికారమూ ఉంది. 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చాకైతే, అనుమతి లేని కట్టడాన్ని నోటీసు లేకుండానే కూల్చొచ్చు. కాగితం మీద ఇంత బలం ఉన్నా, ఫైలు నోటీసుకీ ఆర్డర్‌కీ మధ్య ఆగిపోవడం మామూలే. ఈలోపు స్లాబ్ వేసేస్తారు, కిరాయిదార్లు దిగుతారు, కోర్టు నుంచి స్టే వస్తుంది. అందుకే పునాది దశలోనే ఫిర్యాదు ఇవ్వాలి. కదలిక లేదంటే 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ వేసి నోటీసు, ఆర్డర్ కాపీలు అడగొచ్చు.

75 గజాల లోపు స్థలంలో గ్రౌండ్ ప్లస్ వన్‌కి పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. పాతబస్తీ చిన్న ఇళ్ల మీద "పర్మిషన్ లేదు" అని పెట్టే ఫిర్యాదు చాలాసార్లు నిలవనిది ఇందుకే.

అన్నదమ్ముల వాటాల గొడవ జీహెచ్ఎంసీ తేల్చదు, అది సివిల్ కోర్టు పని. వక్ఫ్ స్థలమైతే వక్ఫ్ బోర్డుకి కూడా రాయాలి.