దివ్యాంగ బాలల చదువు: బిష్టుపూర్ తల్లిదండ్రులు బడిలో ఏమి అడగవచ్చు?

ఉక్కు కర్మాగారంలో కొలువులకు వచ్చిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరమే అందుకు గుర్తు. ఈ కుటుంబాల్లోని దివ్యాంగ బాలలకు బడి గడపలోనే ‘మా వద్ద సౌకర్యాలు లేవు’ అన్న జవాబు ఎదురు కావచ్చు. చట్టం ఆ జవాబును అంగీకరించదు.

2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, 16వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు పొందిన ప్రతి విద్యాసంస్థా వివక్ష లేకుండా వీరిని చేర్చుకోవాలి. గుర్తింపు పొందిన ప్రైవేటు బడులకూ ఇది వర్తిస్తుంది. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించితే, 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య కూడా హక్కే. పొరుగు బడా, ప్రత్యేక పాఠశాలా అన్నది కుటుంబం ఎంపిక. వైకల్య ధ్రువపత్రానికి స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు.

అయితే నోటిమాటగా వచ్చిన తిరస్కరణకు ఆధారం మిగలదు. కోరికను హిందీలోనో ఇంగ్లీషులోనో రాసి ఇచ్చి, రసీదు తీసుకోవాలి. ‘సాయం చేయండి’ అంటే చాలదు. ముందు వరుసలో చోటు, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, పరీక్షలో అదనపు సమయం అని విడివిడిగా పేర్కొనాలి. ఇంట తెలుగు, బడిలో హిందీ, ఇంగ్లీషు నేర్చే పిల్లలకు మరో వెసులుబాటు ముఖ్యం: సీబీఎస్ఈ దివ్యాంగ విద్యార్థులకు మూడో భాష నుంచి మినహాయింపు ఇస్తోంది. అడగకపోతే ఈ సంగతి బడి తానుగా చెబుతుందన్న నమ్మకం లేదు.

బడి స్పందించకపోతే రాంచీలోని రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. సాక్షులను పిలిపించేందుకు, పత్రాలు తెప్పించేందుకు ఆయనకు సివిల్ కోర్టు అధికారాలున్నాయి.