ఇంట్లో దూరిన పామును పట్టించడం

ఇంట్లోకో పెరట్లోకో వచ్చిన పామును చంపకుండా, అనుభవమున్న మనిషిని పిలిచి పట్టించి, తగిన చోట వదిలిపెట్టించడాన్ని పాముల పట్టివేత లేదా స్నేక్ రెస్క్యూ అంటారు. ఈ పని చేసేవారిని తెలుగు రాష్ట్రాల్లో పాములు పట్టేవాళ్లు, స్నేక్ క్యాచర్లు అంటారు. నగరాల్లో 'స్నేక్ సొసైటీ వాళ్లు' అనడమూ ఉంది. పామును పట్టడం చాలాసార్లు పది నిమిషాల్లో ముగుస్తుంది. దాన్ని ఇంటిదాకా రప్పించిన ఎలుకలు, కన్నాలు మాత్రం అక్కడే ఉంటాయి. అందుకే ఇందులో సగం పని పట్టేవారిది, సగం ఇంటివారిది.

పూర్వరంగం

ఒకప్పుడు ఊళ్లో పాము కనిపిస్తే బుట్ట, బూర పట్టుకు తిరిగే పాములవాళ్లను పిలిచేవారు. పామును పట్టి ఉంచుకోవడం, ఆడించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో నేరమయ్యాయి. తమిళనాడులో పాముచర్మాల వ్యాపారం ఆగిపోవడంతో జీవనాధారం పోయిన, పాములు పట్టే ఇరుళర్ గిరిజనుల కోసం 1978లో చెన్నై దగ్గర సహకార సంఘం ఏర్పడింది. దాని వెనుక ఉన్నది సర్ప నిపుణుడు రోములస్ విటేకర్. ఆ సంఘం సభ్యులు అనుమతితో పాములను పట్టి విషం తీసి తిరిగి వదులుతారు. పాముకాటు మందు తయారీకి ఆ విషమే ఆధారం. ఇరుళర్లలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ 2017లో అమెరికాలోని ఫ్లోరిడా వెళ్లి అక్కడ బెడదగా మారిన బర్మా కొండచిలువలను పట్టారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ దక్కింది.

హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఈ పనికి పేరుపొందింది. ఉత్తరాంధ్రలో ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ నల్లత్రాచుల సంరక్షణపై పనిచేస్తోంది. తిరుమల కొండపై పాములు పట్టిన టీటీడీ ఉద్యోగి భాస్కర్ నాయుడు 2022లో కాటుకు గురై కోలుకున్నారు. కేరళ అటవీశాఖ 2020 నుంచి పాములు పట్టేవారికి శిక్షణ, ధ్రువపత్రం ఇస్తూ, దగ్గర్లో ఉన్నవారిని పిలిచేందుకు 'సర్ప' అనే మొబైల్ యాప్ నడుపుతోంది.

చట్టం

వన్యప్రాణి చట్టంలో 'వేట' అంటే చంపడమే కాదు. పట్టడం, ఉచ్చు వేయడం కూడా. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు మొదటి షెడ్యూలులో చేరాయి. ఈ షెడ్యూలు జీవుల విషయంలో నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా ఉంటాయి. ప్రాణరక్షణ కోసం, సదుద్దేశంతో చంపితే మాత్రం నేరం కాదు. పట్టడం కూడా వేటే కాబట్టి పట్టేవారికి అటవీశాఖ అనుమతి ఉందో లేదో ముందే అడగాలి. ఎవరిని పిలవాలో తెలియకపోతే అటవీశాఖ కార్యాలయాన్నే సంప్రదించవచ్చు.

ఏ పాము?

ప్రాణాంతకమైన కాట్లలో ఎక్కువ భాగం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరలవి. మన దేశంలో దొరికే పాముకాటు మందు ఈ నాలుగింటి విషానికే. ఇళ్లలో పట్టుబడేవాటిలో జెర్రిపోతు, నీరుకట్టు వంటి విషం లేని పాములూ చాలా ఉంటాయి.

పోలికలు మాత్రం మోసం చేస్తాయి. కట్లపాము నల్లటి ఒంటిపై సన్నని తెల్ల కట్లు మెడ దాటాక మొదలై తోకవైపు స్పష్టమవుతాయి. వెన్ను మీది నడిమి వరుస పొలుసులు మిగతావాటికంటే పెద్దవిగా, ఆరు కోణాలతో ఉంటాయి. వుల్ఫ్ స్నేక్ అనే విషం లేని పాముకు కట్లు ముందుభాగంలో స్పష్టంగా ఉండి తోకవైపు మాసిపోతాయి. రక్తపింజరను కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టి కాటు తిన్నవారున్నారు. అందుకే గుర్తించే పని పట్టేవారికి వదిలేయాలి. దూరం నుంచి తీసిన ఫొటో వారికి పంపితే చాలు.

వచ్చేలోపు

పాము మీద నుంచి చూపు తిప్పకూడదు. కనపడకుండా పోతే వచ్చినవారు బీరువాలు, మంచాలు, గ్యాస్ సిలిండర్లు అన్నీ జరపాల్సి వస్తుంది. కనీసం రెండు మూడు మీటర్ల దూరంలో ఉండి, పిల్లల్ని, కుక్కల్ని బయటికి పంపి, వేరే గదుల తలుపుల కింది సందుల్లో గుడ్డలు కుక్కాలి. కిరసనాయిలు, ఫినాయిల్ చల్లితే పాము బెదిరి మరింత లోపలికి దూరుతుంది.

పట్టే తీరు

హుక్కు, సంచి, పైపు ముఖ్యమైన పనిముట్లు. గుడ్డసంచి మూతికి ప్లాస్టిక్ పైపు బిగించి, దాన్ని ఎలుక కన్నంలా కనిపించేలా గోడవారన ఉంచుతారు. హుక్కుతో వెనక నుంచి మెల్లగా అదిలిస్తే, దాక్కోవడానికి చీకటి చోటు వెతికే పాము తనంతట తానే పైపులోకి వెళ్తుంది. తోక కూడా లోపలికి పోయాక పైపును పైకెత్తి, సంచి మెడను మెలిపెట్టి ముడివేస్తారు. సంచిలోంచి కూడా కాటు వేయగలదు కనుక దాన్ని గాలి ఆడే డబ్బాలో పెట్టి మూత బిగిస్తారు. ఈ పద్ధతిలో పామును చేత్తో తాకే అవసరమే రాదు.

పామును మెడలో వేసుకునేవారు, పడగకు ముద్దు పెట్టేవారు, వీడియో కోసం దాన్ని పదేపదే బుస కొట్టించేవారు ఎంత పేరున్నా నమ్మదగినవారు కారు. కోరలు పీకడం, నోరు కుట్టడం నేరమే కాదు, క్రూరత్వం కూడా. డబ్బు విషయం పట్టేవారిని బట్టి మారుతుంది: కొందరు సేవగా చేస్తారు, కొందరు దారిఖర్చులు తీసుకుంటారు. ఫోన్‌లోనే తేల్చుకోవడం మంచిది.

వదలడం

పట్టిన పామును చాలా దూరం తీసుకెళ్లి వదిలితే మేత, దాపు తెలియక తిరుగుతూ ప్రమాదాల పాలవుతుంది. అదే పరిసరాల్లో, మనుషుల అలికిడి లేని అనువైన చోట వదలడమే మేలు. ఎక్కడ వదిలేదీ అటవీశాఖకు తెలిసి ఉండాలి.

తరువాతి జాగ్రత్తలు

పట్టిన కొన్నాళ్లకు అదే ఇంట్లో మరో పాము కనిపిస్తే 'జంట పాము పగబట్టి వచ్చింది' అంటారు. పాములకు పగ ఉండదు. రెండోది వచ్చింది కూడా మొదటిదాన్ని రప్పించిన ఎలుకల వాసన పట్టుకునే. వేసవిలో పెట్టిన నాగుపాము గుడ్లు సుమారు రెండు నెలలకు పిల్లలవుతాయి కనుక వానలు మొదలయ్యాక పిల్లపాములూ ఇళ్లలో కనిపిస్తుంటాయి. వాటికి చూపుడువేలు పట్టే కన్నం చాలు. తూములకు జాలీ బిగించడం, తలుపు కింది సందు మూయడం, కట్టెలు, ఇటుకల కుప్పలను గోడకు దూరంగా పెట్టడం, ధాన్యపు మూటల దగ్గర ఎలుకలు చేరకుండా చూడటం అవసరం. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవారిని కాటేస్తుంది, నొప్పి తెలియకపోవచ్చు. దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే దానికీ అడ్డే. కాటు పడితే కోయకూడదు, కట్టు బిగించకూడదు, మంత్రానికి ఆగకూడదు; 108కి ఫోన్ చేసి, కాటు పడ్డ అవయవాన్ని కదలనీయకుండా ఆస్పత్రికి చేర్చాలి.