రజాకార్ అన్న మాట, కూలిన గద్దె

2024 జులై 14న ఢాకాలోని ప్రధాని నివాసం గణభవన్‌లో అప్పటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా విలేకరుల ముందు కూర్చున్నారు. 1971 యుద్ధంలో పోరాడినవాళ్ల వారసులకు ప్రభుత్వ ఉద్యోగాల్లో 30 శాతం కోటాను హైకోర్టు తిరిగి నిలబెట్టడంతో విద్యార్థులు అప్పటికే రోడ్డెక్కి ఉన్నారు. ముక్తియోధుల మనవళ్లకు కాకపోతే రజాకార్ల మనవళ్లకు ఇవ్వాలా అని ఆమె అడిగారు. ఆమె నోట ఆ మాట కొత్తగా వచ్చింది కాదు, ఏళ్ల తరబడి అలవాటైనదే. ఇరవై రెండు రోజుల తర్వాత ఆమె సైనిక విమానంలో దేశం దాటిపోయారు.

తెలంగాణలో ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరించే ముసలివాళ్లున్నారు. ఉర్దూలో దాని అర్థం స్వచ్ఛంద సేవకుడు. ఎంత మంచి మాట! నిజాం వైపు నిలిచిన లాతూరు వకీలు ఖాసిం రజ్వీ దళాలకు పేరయ్యాక మరి కోలుకోలేదు. 1948 ఆగస్టులో, బురుజెక్కి ఊరిని కాచుకున్న భైరాన్‌పల్లి జనాన్ని రజాకార్లు ఊచకోత కోశారు. హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాసినందుకు ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను అదే నెలలో నడివీధిలో చంపి, రాసే చేతిని నరికేశారు. రజాకార్ అన్నదాన్ని ఒక మతానికి మారుపేరుగా విసిరేవాళ్లు షోయబుల్లాను మరిచిపోతారు. అది ఆయన్ను రెండోసారి చంపడమే. సెప్టెంబర్ 17తో నిజాం రాజ్యం ముగిసింది. రజ్వీ జైలుకెళ్లి, 1957లో విడుదలై పాకిస్తాన్ చేరుకున్నాడు.

1971లో అదే పేరు తూర్పు పాకిస్తాన్‌లో లేచింది. జనరల్ టిక్కా ఖాన్ ఆర్డినెన్స్‌తో అక్కడ రజాకార్ దళం ఏర్పడింది. పాక్ సైన్యానికి తెలియని ఊళ్లు, దారులు, ఇళ్లు వీళ్లకు తెలుసు. ఎవరి కొడుకు స్వాతంత్ర్యం కోసం పోరాడే ముక్తివాహినిలో చేరాడో పొరుగువాడే చూపించాడు. పరాయి సైనికుడి మీద కోపం ఎప్పటికైనా చల్లారుతుందేమో, తలుపు చూపించినవాడి మీద చల్లారదు. బంగ్లాదేశ్‌లో ఆ మాటకు అంత విషం ఎక్కడిదంటే అక్కడిదే.

స్వతంత్ర బంగ్లాదేశ్‌లో ఒక దశలో ఆ మాట ప్రభుత్వ టీవీలో పలకడమే కష్టమైంది. సైనిక పాలకుడు ఎర్షాద్ ఏలుబడిలో రచయిత హుమాయూన్ అహ్మద్ ‘బహుబ్రీహి’ ధారావాహికలో దాన్ని ఒక చిలుక చేత పలికించారు: ‘తుయి రాజాకార్’, నువ్వు రజాకార్‌వి. మనుషులు అనలేనిది పక్షి అనేసింది. 1971లో కొడుకు రూమీని పోగొట్టుకున్న జహనారా ఇమామ్ 1992లో ఆ యుద్ధ నేరాల మీద ప్రజా న్యాయస్థానం నడిపించారు. 2013లో ఢాకాలోని షాబాగ్ కూడలి నిండా జనం చిలుక పలికిన మాటే అరిచారు. అప్పటికది బాధితుల మాట, న్యాయం అడిగే గొంతు.

దాన్ని పాలకులు తీసుకున్నారు. ప్రభుత్వాన్ని తప్పుపట్టిన వాళ్ల మీదల్లా అదే ముద్ర పడసాగింది. 1975 ఆగస్టు 15న ధన్‌మండి ఇంట్లో దేశ స్థాపకుడైన తండ్రి ముజీబ్‌నూ, తల్లినీ, తమ్ముళ్లనూ పోగొట్టుకున్న మనిషి హసీనా. ఆ దేశపు గాయం ఆమెకు సొంత గాయం. అంతటి మనిషే ఆ మాటను ఉద్యోగం అడిగిన పిల్లల మీద వాడారు. నన్ను కలచివేసేది ఇదే.

జులై 14 రాత్రి ఢాకా విశ్వవిద్యాలయం హాస్టళ్ల నుంచి అమ్మాయిలూ అబ్బాయిలూ బయటికొచ్చారు. ‘తుమి కే? ఆమి కే? రాజాకార్! రాజాకార్!’ నువ్వెవరు, నేనెవరు అన్న ఆ ప్రశ్నకు వాళ్ల తాతల కాలంలో జవాబు ‘బెంగాలీ’. అమరులను అవమానించారని ప్రభుత్వ పక్షం మండిపడింది. అలా అన్నదెవరు, నియంత కాదా అని వెంటనే వచ్చే రెండో చరణాన్ని విద్యార్థులు గుర్తుచేశారు. హక్కు అడగబోతే రజాకార్లమయ్యామన్న నినాదమూ పుట్టింది. వాళ్లది హంతకుల మీద అభిమానం కాదు, అవమానాన్ని ఎదురు విసరడం. అయినా 1971లో అన్నను పోగొట్టుకున్న ఒక చెల్లెలు కిటికీలోంచి ఆ అరుపు విని ఉంటే ఆమె కన్నీటిని కాదనే హక్కు కూడా ఎవరికీ లేదు.

జులై 16న రంగ్‌పూర్‌లో విద్యార్థి అబూ సయీద్ చేతులు బార్లా చాపి పోలీసుల ఎదుట నిలబడ్డాడు, కాల్చేశారు. సుప్రీంకోర్టు 21న ఆ కోటాను 5 శాతానికి తగ్గించేసరికే శవాలు లేచాయి. ఆ కొద్ది వారాల్లో 1,400 మంది దాకా చనిపోయి ఉంటారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం అంచనా. ఆగస్టు 5న జనం గణభవన్‌లోకి జొరబడ్డారు. ధన్‌మండి ఇల్లు తగలబడింది, ఆరు నెలలకు కూల్చేశారు. 1971లో పాక్ సైన్యం పక్షాన నిలిచిన జమాతే ఇస్లామీ 2025లో కోర్టు తీర్పుతో పార్టీగా నమోదు తిరిగి పొందింది. రజాకార్ల నేరాలను విచారించడానికి 2010లో హసీనా ప్రభుత్వం ఏర్పాటు చేసిన ట్రిబ్యునలే 2025 నవంబర్ 17న, ఆమె పరోక్షంలో, ఆమెకు మరణశిక్ష విధించింది.