కొలువు ముగిసినా నిలిచిన పేరు

జంషెడ్‌పూరులో టెల్కో కాలనీ అనే పెద్ద నివాసస్థలం ఒకటి కలదు. టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ అనే దీర్ఘనామానికి టెల్కో అన్నది పొడి అక్షరాల కూర్పు. 1945 లో ఏర్పడిన ఆ సంస్థ మొదట రైలింజన్ల నిర్మాణానికి పూనుకొన్నది. 1954 లో జర్మనీ డైమ్లర్-బెంజ్ సంస్థతో కలిసి లారీలు చేయసాగినది. 1970 నాటికి రైలింజన్ల పని నిలిచిపోయినది. 2003 లో సంస్థ పేరే టాటా మోటార్స్‌గా మారినది. కాలనీ మాత్రం టెల్కో కాలనీగానే ఉన్నది. బతుకుతెరువుకై ఆ ఊరు చేరి స్థిరపడిన తెలుగు కుటుంబాల నోట కూడా ఆ మాట ఊరిపేరై పోయినదే గాని, అందులో ఒక రైలింజను దాగి ఉన్నదని తలచేవారు అరుదు.

పని పోయి పేరు నిలుచుట ఊళ్ళకే గాక మనుష్యులకూ కలదు. ఉద్యోగం మానిన గుమాస్తాను ఎవ్వరూ గుమాస్తా అనరు. పటాలం విడిచివచ్చిన హవల్దారు మాత్రం చనిపోయేదాకా హవల్దారే. ఈ భేదం ఎందుకు వచ్చినదని విచారింపబోతే, తెలుగుజాతి పేరే మొదటి సాక్ష్యంగా నిలుస్తున్నది.

1756 చివర క్లైవు మద్రాసు నుండి ఓడలపై బెంగాలుకు వెళ్ళినప్పుడు అతని వెంట దక్షిణాది సిపాయిలున్నారు. మరుసటి సంవత్సరం జూన్ 23న జరిగిన ప్లాసీ యుద్ధంలోనూ వారు పాల్గొన్నారు. ఐరోపా పద్ధతిలో కవాతు చేసే ఆ సిపాయిలను వంగదేశీయులు తెలింగదేశపు వారుగా భావించి తెలంగాలన్నారు. నిజానికి వారందరూ తెలుగువారు కారు. తమిళులూ, ముసల్మానులూ, ఇతరులూ అందులో ఉన్నారు. పరదేశపు కంపెనీకి రాజ్యం సంపాదించి పెట్టిన ఆ కొలువు గర్వింపదగినదా అన్నది వేరొక ప్రశ్న. ఇక్కడ గమనింపవలసినది మాట నడచిన దారి. 1757 లోనే కంపెనీ బెంగాలులో లాల్ పల్టన్ అనే దళాన్ని కూర్చుకొన్నది. తరువాత్తరువాత ఆ సైన్యం భోజపురి, అవధ్ ప్రాంతాల వారితో నిండినది. వారికి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినను వారూ తెలంగాలే అయినారు. 1857 లో మీరట్ నుండి ఢిల్లీ చేరిన తిరుగుబాటు సిపాయిలను ఆనాటి ఉర్దూ రచనలు తిలంగేలనే పేర్కొన్నవి. నేపాలీ భాషలో తిలంగా అంటే సైనికుడు. 1886 లో యూల్, బర్నెల్ పండితులు వెలువరించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ మాటకు ప్రత్యేకంగా ఒక ఆరోపమే ఇచ్చినది.

ఇందులోని వింత ఏమనగా, ఆ నిఘంటువు అచ్చైన రోజులలోనే అసలు తెలుగువానికి సైన్యంలో చోటు తగ్గుతూ వచ్చినది. 1881 నుండి 1885 వరకు మద్రాసు సైన్యాధిపతిగా ఉండి, పిమ్మట యావద్భారత సైన్యానికి అధిపతియైన రాబర్ట్సు, దీర్ఘకాల శాంతి వల్ల దక్షిణాదివారి యుద్ధపటిమ సన్నగిల్లినదని నమ్మి ఉత్తరాది జాతులవైపు మొగ్గినాడు. పేరు ఉత్తరాదిని సైనికునిగా బతికినది. పేరుగలవాడు సైన్యానికి పనికిరానివాడైనాడు.

కొలువు ముగిసిన సిపాయిని అట్లే సిపాయిగా నిలిపియుంచుటలో పాలకులకు స్వలాభమున్న సందర్భాలూ కలవు. నేటి ఝార్ఖండ్‌లోని రాజమహల్ కొండలు ఇందుకు ఉదాహరణ. కొండల నుండి పహాడియాలు దిగి పల్లెలపై పడకుండ, వాటి అంచున వృద్ధ సిపాయిలకు, అంగవికలురకు భూములిచ్చి నిలుపవలెనని 1778 ప్రాంతంలో కెప్టెన్ బ్రౌన్ సూచించినాడు. భాగల్పూరు ప్రాంతంలో ఇట్టి ఇన్‌వాలిడ్ ఠాణాలు వెలసినవి. నాగలి పట్టినా ఆ రైతు కంపెనీ మనిషే. అతని పొలమే కాపలా. అతని ముసలితనమే ఒక ఉద్యోగం. సైనికత్వం మనసులో మిగిలినదో లేదో గాని పట్టాలో మాత్రం మిగిలినది.

పట్టా ఇవ్వనివారి గతి వేరు. ఆజాదు హిందు ఫౌజులో పోరాడినవారిని 1947 తరువాత కూడ భారతసైన్యంలోకి తిరిగి చేర్చుకొనలేదు. 1972 లో కేంద్రప్రభుత్వం ఏర్పరచిన పింఛను వారికి స్వాతంత్ర్యయోధులుగా దక్కినది, సైనికులుగా గాదు. వారు తమను తాము ఏమనుకొన్నారో ఆ కాగితంలో లేదు.

తెలుగుదేశంలో ఈ పేరును నిలుపుతూ వచ్చినవారు సర్కారువారికంటె ఇరుగుపొరుగువారే. విజయనగరంలో పటాలాలు పోయి ఎంతో కాలమైనా కంటోన్మెంటు అన్న పేటపేరు నేటికీ ఉన్నది. ఆ ఊరి నాటకమైన కన్యాశుల్కం సారా దుకాణపు రంగంలో ఒక హవల్దారున్నాడు. గురజాడ అతనిని ఆ హోదా పేరుతోనే మాట్లాడించినారు. పిలుపులోనే మనిషి గతం, గౌరవం, కొంత హాస్యమూ తెలిసిపోవుచున్నవి.

ఇక పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెం చేరువనున్న మాధవరం సంగతి. మిలిటరీ మాధవరమంటేనే దానిని గుర్తిస్తారు. మొదటి ప్రపంచయుద్ధంలో 90 మంది, రెండవదానిలో 1,110 మంది ఆ ఊరినుండి పోయినారని గ్రామస్థుల లెక్క. రెండవ యుద్ధంలో భారతసైన్యం దాదాపు 25 లక్షలకు పెరిగి, అది ముగియగానే వారిలో అత్యధికులు ఇంటిదారి పట్టినారు. తక్కిన ఊళ్ళకు ఒక్కొక్కరుగా చేరినవారు చేలలోనో, ఫ్యాక్టరీలలోనో కలిసిపోయినారు. మాధవరానికి గుంపుగా వచ్చినారు. ప్రతి ఇంటా ఒక సిపాయి ఉండగా ఎవ్వడూ తాను సిపాయినని చెప్పుకొనవలసిన పనిలేకపోయినది. చెప్పుకొనక్కరలేని చోటనే అది దృఢంగా నిలిచినది. యుద్ధస్మారకం కట్టుకొన్నారు. తరతరాలుగా బిడ్డలను పటాలాలకు పంపుతూ వచ్చినారు.

ఆ ఊళ్ళో పిల్లలకు సుబేదారు, మేజరు, కెప్టెను అని పేర్లు పెట్టుకొన్న సంగతి పత్రికలు పలుమార్లు ప్రకటించినవి. హోదా ఇక్కడ పేరుగా మారిపోయినది. సుబేదారూ అని కేకవేస్తే గడపలోనుండి ఓయని పలికేవాడు ఏనాడూ పటాలం ముఖం చూచి ఉండకపోవచ్చును.