చెరువుకో లెక్క, చుక్కలకో లెక్క

బెంగళూరు శివార్లలో చందాపుర సర్కిల్ దగ్గర, ఆనేకల్ రోడ్డుకు తిరిగే చోట ఒక టీ బంకు ఉంది. నడిపేది మదనపల్లె మనిషి. బొమ్మసంద్ర ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు దిగినవాళ్లు, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసు క్యాబ్ కోసం నిలబడ్డవాళ్లు, అనంతపురం నుంచి తాపీ పనికొచ్చినవాళ్లు పొద్దున్నే అక్కడ చేరతారు. 2025 జులైలో శుభాంశు శుక్లా అంతరిక్షం నుంచి దిగివచ్చిన మర్నాడు గ్లాసులోకి టీ వంచుతూ ఆయన అడిగాడు:

“సార్, ఆ పిలగాడు పైకి పోయొచ్చినాడు కదా, ఎంతయ్యింటాది?”

“ఐదు వందల యాభై కోట్ల దాకా అంటున్నారు.”

ఆయన చెయ్యి ఆగింది. “మన చెరువుకేసిన ఫైను గూడా అంతే కదా సార్!”

అవును, దాదాపు అంతే. చందాపుర చెరువులోకి శుద్ధి చేయని మురుగు, పరిశ్రమల వ్యర్థాలు చేరుతుంటే అడ్డుకోనందుకు జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022 అక్టోబరులో కర్ణాటక ప్రభుత్వాన్ని 500 కోట్ల రూపాయల పరిహారం కట్టమంది. ఒక మనిషిని ఆకాశానికి పంపడానికి అయిన ఖర్చూ, ఒక చెరువును గాలికి వదిలేసినందుకు వేసిన దండుగా ఇంచుమించు సమానం.

అన్నం లేని దేశానికి అంతరిక్షం ఎందుకన్న ప్రశ్నకు మన దగ్గర అరవై ఏళ్ల వయసుంది. పార్లమెంటులో అడిగారు, పత్రికల్లో అడిగారు. టీ బంకు ఆయన దాన్ని ఊరి చెరువు గట్టు మీదికి తెచ్చాడు.

సారాభాయ్ గీసిన గీత

1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి తొలి రాకెట్ ఎగిరింది. మన అంతరిక్ష కార్యక్రమానికి ఆద్యుడు విక్రమ్ సారాభాయ్. పేద దేశానికి ఈ ఆర్భాటం ఎందుకన్న విమర్శకు ఆయన ఆ రోజుల్లోనే జవాబిచ్చారు. చంద్రుణ్ని చేరడంలోనో, గ్రహాలను వెతకడంలోనో, మనిషిని పైకి పంపడంలోనో సంపన్న దేశాలతో పోటీపడాలన్న భ్రమ మనకు లేదన్నారు. మన సొంత సమస్యలకు కొత్త సాంకేతికతను వాడుకోవడంలో మాత్రం ఎవరికీ తీసిపోకూడదన్నారు. మనిషిని పంపే పనిని ఆయన పేరుపెట్టి మరీ పక్కన పెట్టారని గుర్తుంచుకోవాలి.

1972లో పగ్గాలు అందుకున్న సతీశ్ ధవన్ ఆ గీతనే పట్టుకుని నడిచారు. ఇస్రో కేంద్ర కార్యాలయం బెంగళూరులో ఉండాలన్నది ఆయన పెట్టిన షరతు. పీణ్య పారిశ్రామికవాడలోని మామూలు షెడ్లలో యు.ఆర్. రావు బృందం తొలి ఉపగ్రహం ఆర్యభటను తయారుచేసింది. దాని నుంచి వచ్చే సమాచారాన్ని అందుకోవడానికి చోటు చాలక ఒక మరుగుదొడ్డినే కేంద్రంగా మార్చుకున్నారని ఆ తరం వాళ్లు చెప్పుకునేవారు. 1975 ఏప్రిల్ 19న అది సోవియట్ రాకెట్ మీద కక్ష్యకు చేరింది.

అదే ఏడాది ఆగస్టు 1న సైట్ ప్రయోగం మొదలైంది. అమెరికా ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అరువు తీసుకుని, ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. అందులో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక పల్లెలున్నాయి. చాలా ఊళ్లు సేద్యం గురించి, పిల్లల ఆరోగ్యం గురించి తెరమీద మొదటిసారి విన్నది అప్పుడే. సారాభాయ్ చూపిన దారి ఇదీ.

ఆ దారి విలువ తెలుగువాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేస్తే పది వేల మంది పోయారు. 1983లో ఇన్సాట్-1బి వచ్చాక తుపాను కన్ను సముద్రం మీద ఉండగానే మన సొంత ఉపగ్రహానికే కనబడసాగింది. 2014లో హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసినా ముందే జనాన్ని ఖాళీ చేయించడంతో మరణాలు పదుల్లోనే ఆగాయి. ఇక్కడో తమాషా ఉంది. మనుషుల్ని పంపడం మన పని కాదనుకున్న రోజుల్లో ఆ ఇన్సాట్-1బిని కక్ష్యలో వదిలింది అమెరికా వ్యోమగాములు నడిపిన చాలెంజర్ షటిల్.

పద్దుల్లో పడని ఖర్చు ఒకటుంది. రాకెట్ కేంద్రానికి 1969లో శ్రీహరికోటను ఎంచుకున్నారు. ఆ దీవి అడవినీ నీళ్లనూ నమ్ముకుని బతికిన యానాదుల్లో చాలామంది అక్కడి నుంచి కదలాల్సి వచ్చింది. ఈ ప్రయాణానికి ముందుగా టికెట్టు కొన్నది వాళ్లే.

గీత దాటిన ఏళ్లు

మొదటి భారతీయ వ్యోమగామి సోవియట్ ఆహ్వానం మీద వెళ్లాడు. హైదరాబాద్‌లో చదువుకుని, నిజాం కాలేజీ నుంచి వైమానిక దళానికి వెళ్లిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న సోయజ్ టి-11 ఎక్కి, సల్యూట్-7 స్టేషన్‌కు వెళ్లి, మొత్తం దాదాపు ఎనిమిది రోజులు అంతరిక్షంలో ఉన్నారు. నౌకా వాళ్లదే, స్టేషనూ వాళ్లదే. దిగివచ్చాక ఇరవై ఏళ్లకు పైగా సొంతంగా మనిషిని పంపే ఊసు మనం గట్టిగా ఎత్తలేదు.

2006 నవంబరు 7న బెంగళూరులో దాదాపు 80 మంది సీనియర్ శాస్త్రవేత్తలు కూర్చుని, సొంతంగా మనిషిని పంపాల్సిందేనని తేల్చారు. రెండు నెలలకే కక్ష్యలోకి పంపిన ఒక గుళికను తిరిగి బంగాళాఖాతంలో దించి చూపారు. 2009 నాటి అంచనా 12,400 కోట్లు. అంత డబ్బు అనగానే ఢిల్లీలో ఫైలు మెల్లగా నడిచింది.

2018 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి గగన్‌యాన్‌ను ప్రకటించారు. ఆ డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2022 నాటికి పంపుతామన్నారు, పంపలేకపోయారు. 2024 సెప్టెంబరు 18న మంత్రివర్గం పరిధిని పెంచింది. సొంత అంతరిక్ష స్టేషన్ తొలి భాగాన్నీ ఇందులోనే కలిపి, మరో 11,170 కోట్లు జోడించి, మొత్తం 20,193 కోట్లు చేసింది. గడువు 2028 డిసెంబరు.

అంటే ఈ ఊరి లెక్కలో ఎంత? ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 2025 ఆగస్టులో మొదలైన పసుపు మెట్రో లైనుకు దాదాపు 7,160 కోట్లయ్యాయి. చందాపురకు కాస్త ముందే ఆగిపోయిన అలాంటి లైన్లు మూడు వేస్తే గగన్‌యాన్ ఖర్చు దాటుతుంది.

ఐదు సెకన్ల ముందు

మనిషి ఎక్కేసరికి ఖర్చు ఎందుకింత పెరుగుతుంది? చంద్రయాన్-3కు 615 కోట్లు సరిపోయాయి కదా అని చాలామంది అడుగుతారు. చంద్రయాన్‌లో ఊపిరి తీసేవాళ్లు లేరు. మనుషులున్న గుళికకు గాలి కావాలి, చెమటతేమ లాగే యంత్రం కావాలి, మైసూరు రక్షణ ప్రయోగశాల వండిపెట్టే తిండి కావాలి. ఇవన్నీ చిన్నవి. పెద్ద ఖర్చు, ఏదైనా చెడితే ఏమిటన్న ప్రశ్నకు జవాబు కట్టడంలో ఉంది. ప్రతి ముఖ్యమైన భాగానికీ బదులు భాగం ఉండాలి. రాకెట్ పాడైతే గుళికను లాగి దూరంగా విసిరే మోటార్లు ఉండాలి. అవి పనిచేస్తాయని, మనిషిని ఎక్కించకముందే మళ్లీ మళ్లీ రుజువు చేయాలి.

2023 అక్టోబరు 21 పొద్దున శ్రీహరికోటలో జరిగింది అలాంటి రుజువే. తప్పించుకునే వ్యవస్థను పరీక్షించేందుకు ప్రత్యేకంగా ఒక రాకెట్ కట్టారు. వాతావరణం వల్ల ఎనిమిది గంటల ముహూర్తం జరిగి ఎనిమిదీ నలభై ఐదయింది. లెక్క దిగుతూ వచ్చింది. ఇంకో ఐదు సెకన్లుందనగా కంప్యూటరే ప్రయోగాన్ని ఆపేసింది. దేశమంతా టీవీ ముందుంది. ఎవరూ తొందరపెట్టలేదు. కారణం వెతికారు, సరిచేశారు, పది గంటలకు వదిలారు. దాదాపు పన్నెండు కిలోమీటర్ల ఎత్తున గుళిక రాకెట్ నుంచి విడిపోయి, పారాచూట్ల మీద సముద్రంలో దిగింది. నౌకాదళం పట్టి తెచ్చింది. 20,193 కోట్లలో మనం కొంటున్న వాటిలో ఆ ఐదు సెకన్ల దగ్గర ఆగగలిగే ఓపిక కూడా ఒకటి.

ఎక్కడ ఆగింది డబ్బు?

గగన్‌యాన్ ఖర్చును 140 కోట్ల మందికి పంచితే తలకు 144 రూపాయలు. పదేళ్లకు సర్దితే ఏడాదికో టీ. ఇస్రోను సమర్థించేవాళ్ల చేతిలో ఎప్పుడూ ఉండే లెక్క ఇది. దీన్ని నేను పెద్దగా నమ్మను. ఏ దుబారానైనా 140 కోట్లతో భాగిస్తే చిల్లరగానే తేలుతుంది.

పద్దుల్ని పద్దులతోనే పోల్చాలి. 2025-26 కేంద్ర బడ్జెట్ 50.65 లక్షల కోట్లు. అందులో అంతరిక్ష శాఖ వాటా 13,416 కోట్లు, వంద రూపాయల్లో దాదాపు 26 పైసలు. ఆరోగ్య శాఖకు 99,859 కోట్లు, ఉపాధి హామీకి 86,000 కోట్లు. వ్యోమగామి అన్నం ముద్ద లాక్కుంటున్నాడన్న మాట ఈ అంకెల ముందు నిలవదు.

అంతకన్నా ముఖ్యమైన అంకె ఇంకోటుంది. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే జల జీవన్ మిషన్‌కు 2024-25లో 70,163 కోట్లు కేటాయించారు. ఏడాది చివర సవరించిన అంచనాల్లో అది 22,694 కోట్లకు దిగింది. ఒక్క ఏడాదిలో నీళ్ల పద్దు నుంచి జారిపోయిన మొత్తం రెండు గగన్‌యాన్‌లకు మించిపోయింది. అది రాకెట్ల కోసం తరలిపోయిన డబ్బు కాదు. నీళ్లకని పెట్టి, నీళ్లకు ఖర్చుపెట్టలేకపోయిన డబ్బు.

అమెరికాలో ఈ వాదన మరోలా నడిచింది. 1969 జులై 15న, అపోలో-11 ఎగరడానికి ముందురోజు, నల్లజాతి ఉద్యమ నాయకుడు రాల్ఫ్ అబెర్నథీ పేద కుటుంబాలతో, కంచరగాడిదల బండితో కేప్ కెన్నెడీకి వచ్చారు. నాసా అధిపతి థామస్ పెయిన్ ఎదురెళ్లి మాట్లాడారు. రాకెట్ ఆపితే పేదరికం పోతుందంటే మీట నొక్కబోమని చెప్పి, చంద్రుడి మీదికి వెళ్లడం కన్నా మీ సమస్యే కష్టమైనదని ఒప్పుకున్నారు. అప్పటి అమెరికా ఖర్చుతో మనది పోలదు. 1966లో నాసా ఒక్కటే అక్కడి కేంద్ర బడ్జెట్‌లో వందకు నాలుగు డాలర్లకు పైగా తీసుకుంది. పెయిన్ ఒప్పుకున్న మాట మాత్రం ఇక్కడా వర్తిస్తుంది.

అయినా ఇస్రోకు ఒక బాకీ ఉంది. సారాభాయ్ గీసిన గీతను దాటితే దాటవచ్చు, కాలం మారుతుంది. ఎందుకు దాటామో, ప్రతి ప్రయాణానికీ ఎంతవుతుందో, తిరిగి ఏమొస్తుందో జనానికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. శుభాంశు అంతరిక్షంలో ధార్వాడ వ్యవసాయ శాస్త్రవేత్తల కోసం పెసలు, మెంతులు మొలకెత్తించాడు. ఆ మొలకల ఫలితం ఏమిటో మన పల్లె రైతుకూ తెలియాలి. గర్వపడమని అడగడానికి ముందు లెక్క చూపడం మర్యాద.

టీ బంకు ఆయనకు ఇదంతా చెప్పాను. ఓపికగా విని, “అయితే ఆ ఆపే కంప్యూటరు మన చెరువుకు గూడా ఒకటి పెడితే పోలా సార్?” అన్నాడు.

ఆయన నవ్వుతూనే అన్నా, ఈ వాదనలో నేను విన్న మాటల్లో సరైనది అదే. రాకెట్‌కు ప్రతి దశలో ఒక బాధ్యుడుంటాడు, అతనికి ఆపే అధికారం ఉంటుంది, తప్పు జరిగితే విచారణ నివేదిక ఉంటుంది. చెరువులోకి మొదటి మురుగు కాలువ తిరిగిన రోజు ‘ఆపండి’ అనగలిగిన మనిషి ఎవరని సర్కిల్‌లో చాలామందిని అడిగాను. ఒక్కరూ పేరు చెప్పలేకపోయారు.