వృషణాల విషహాని: మైక్రోఆర్‌ఎన్‌ఏ సూచికలు

మందులు, పారిశ్రామిక రసాయనాలు, పురుగుమందులు, సీసం వంటి లోహాల వల్ల పురుష పునరుత్పత్తి అవయవాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోనూ వీర్యంలోనూ కొన్ని అతిచిన్న ఆర్‌ఎన్‌ఏ అణువుల పరిమాణం మారుతుంది. ఈ అణువుల పేరు మైక్రోఆర్‌ఎన్‌ఏలు. వాటి హెచ్చుతగ్గులను కొలిచి హానిని తొలిదశలోనే పసిగట్టవచ్చా అన్నది విషశాస్త్రంలో చురుగ్గా సాగుతున్న పరిశోధన. మందుల తయారీకి పేరున్న హైదరాబాదు ప్రాంతానికీ, పత్తి, మిరప పండించే తెలుగు జిల్లాలకూ ఈ పరిశోధనతో నేరుగా సంబంధం ఉంది.

అవసరం

వృషణానికి దెబ్బ తగిలిన సంగతి చాలాసార్లు మనిషికి తెలియదు. నొప్పి ఉండదు, జ్వరం రాదు. టెస్టోస్టిరాన్‌ను తయారుచేసే లేడిగ్ కణాలు బాగుంటే కోరికలోనూ, గొంతులోనూ, గడ్డంలోనూ తేడా కనపడదు. ఆ పక్కనే ఉన్న శుక్రోత్పాదక నాళికల్లో మాత్రం కణాలు రాలిపోతుంటాయి. పిల్లలు కలగడం లేదని దంపతులు ఆసుపత్రికి వెళ్లినప్పుడే చాలామందికి విషయం బయటపడుతుంది. అప్పుడు కూడా ముందు పరీక్షలన్నీ భార్యకే చేయించడం మన దగ్గర మామూలు.

మనిషిలో శుక్రకణం తయారవడానికి దాదాపు 74 రోజులు పడుతుంది. ఆపైన ఎపిడిడిమిస్ అనే నాళంలో అది పరిపక్వం కావడానికి మరో రెండు వారాలు కావాలి. అంటే మూలకణాలకు ఈరోజు హాని జరిగితే వీర్యపరీక్షలో అది కనపడేది దాదాపు మూడు నెలల తర్వాతే. ఆలోగా బాధితుడు అదే రసాయనం మధ్య పనిచేస్తూనే ఉంటాడు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1977లో జరిగింది ఇదే. లాత్రప్ పట్టణంలో డీబీసీపీ అనే నేలపురుగుల మందు తయారుచేసే కార్మికులు తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదని తామే గుర్తించారు. పరీక్ష చేస్తే కొందరి వీర్యంలో శుక్రకణాలు బాగా తగ్గిపోయాయి, కొందరిలో అసలే లేవు. ఆ మందు జంతువుల వృషణాలకు హాని చేస్తుందని పరిశోధకులకు 1961 నాటికే తెలుసు. అంత ముందుగా తెలిసిన ప్రమాదం కార్మికుల శరీరాల్లో ఏళ్ల తర్వాత గానీ పట్టుబడలేదు.

కొత్త మందులను ఎలుకల మీద పరీక్షించేటప్పుడు వృషణాన్ని కోసి, పలుచని పొరలను సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఇప్పటికీ నమ్మకమైన పద్ధతి అదే. క్లినికల్ ట్రయల్‌లో పాల్గొనే మనిషికి అలా చేయలేరు. రక్తంలో ఎఫ్‌ఎస్‌హెచ్, ఇన్‌హిబిన్-బి హార్మోన్లను కొలుస్తారు గానీ, స్వల్పహానిని తొలిదశలో పట్టుకోవడంలో ఇన్‌హిబిన్-బి ఎలుకల అధ్యయనాల్లో ఆశించినంతగా అక్కరకు రాలేదు. ఈ లోటు పూడ్చే ప్రయత్నమే మైక్రోఆర్‌ఎన్‌ఏల వైపు దారితీసింది.

మైక్రోఆర్‌ఎన్‌ఏల పని

వీటి పొడవు సుమారు 22 న్యూక్లియోటైడ్లు. ఇవి ప్రోటీన్లను తయారుచేయవు. ప్రోటీన్ల తయారీకి ఆదేశం మోసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని ఆ తయారీని తగ్గిస్తాయి. కణకేంద్రకంలో పొడవాటి పోగుగా పుట్టిన ఆర్‌ఎన్‌ఏను డ్రోషా అనే ఎంజైము ఒకసారి, బయటికి వచ్చాక డైసర్ మరోసారి కత్తిరిస్తాయి. మిగిలిన చిన్నముక్క ఆర్గొనాట్ ప్రోటీనుతో జతకట్టి పనిలోకి దిగుతుంది. మొదటి మైక్రోఆర్‌ఎన్‌ఏను 1993లో ఒక సూక్ష్మమైన నులిపురుగులో కనుగొన్నారు. ఈ కృషికి విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లకు 2024లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

మామూలు ఆర్‌ఎన్‌ఏ రక్తంలో నిమిషాల్లో నాశనమవుతుంది. మైక్రోఆర్‌ఎన్‌ఏలు మాత్రం నిలిచి ఉంటాయని 2008లో వెలువడిన పరిశోధనలు చూపాయి. అవి ప్రోటీన్లకు అంటుకునో, చిన్న కొవ్వుపొర తిత్తుల్లో దాగో ఉంటాయి. 2009లో పారాసిటమాల్ ఎక్కువైన ఎలుకల రక్తంలో కాలేయానికి ప్రత్యేకమైన మిర్-122 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏ పెరుగుతుందని తేలింది. కాలేయానికి దొరికినట్టే వృషణానికీ ఒక సూచిక దొరుకుతుందన్న ఆశ అలా మొదలైంది.

వృషణంలో ఏది ఎక్కడ

వృషణంలోని ప్రతి కణజాతికీ తనదైన మైక్రోఆర్‌ఎన్‌ఏల పొందిక ఉంటుంది. మిర్-34బి, మిర్-34సి, మిర్-449 కుటుంబాలు శుక్రకణాలుగా మారుతున్న కణాల్లో ఎక్కువ. ఎదిగే శుక్రకణాలను పోషించే సెర్టోలీ కణాల్లో డైసర్‌ను తొలగిస్తే మగ చుంచెలుకలు సంతానహీనమవుతాయి. కాబట్టి ఏ మైక్రోఆర్‌ఎన్‌ఏ మారిందో చూసి, దెబ్బ ఏ కణానికి తగిలిందో చెప్పే అవకాశం ఉంది.

ఈ పరిశోధనలకు ఎక్కడ దెబ్బతీస్తాయో ముందే తెలిసిన రసాయనాలను వాడతారు. ద్రావణిగా పనికొచ్చే ఇథిలీన్ గ్లైకాల్ మోనోమిథైల్ ఈథర్ శుక్రమాతృక కణాలను చంపుతుంది. డైనైట్రోబెంజీన్ సెర్టోలీ కణాలను దెబ్బతీస్తుంది. మన రైతులకు బాగా తెలిసిన తెగుళ్ల మందు కార్బెండాజిమ్‌ను ఎలుకలకు పెద్ద మోతాదులో ఇస్తే సెర్టోలీ కణాల లోపలి సన్నని నాళికల అమరిక చెడి, శుక్రకణాలు పండకముందే ఊడిపోతాయి.

గ్లైకాల్ ఈథర్ ఇచ్చిన ఎలుకల మీద, కోతుల మీద జపాన్ పరిశోధకులు మైక్రోఆర్‌ఎన్‌ఏలను పరిశీలించారు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ బృందం అదే రసాయనంతో చేసిన పనిని 2019లో ప్రచురించింది. ఎలుకల శుక్రకణాల్లోని చిన్న ఆర్‌ఎన్‌ఏలు ఈ హానికి సున్నితమైన సూచికలని ఆ బృందం తేల్చింది. వీర్యం ఇవ్వడానికి కోత అక్కర్లేదు కనుక ఈ దారి మనుషులకూ అనువైనది.

రక్తంతో మాత్రం ఒక చిక్కు ఉంది. సెర్టోలీ కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని రక్తానికీ ఎదిగే శుక్రకణాలకూ మధ్య అడ్డుగోడ కడతాయి. లోపల చచ్చిన కణాల సరుకు రక్తంలోకి తేలిగ్గా రాదు. వృషణ క్యాన్సర్లలో మిర్-371ఎ-3పి రక్తపరీక్ష మంచి ఫలితాలు ఇచ్చింది గానీ, అది కణితి ఆనవాలు. విషహానికి దాన్ని వాడలేరు.

పరీక్ష తీరు

రక్తాన్ని ఈడీటీఏ ఉన్న ఊదామూత గొట్టంలో తీస్తారు. హెపారిన్ గొట్టం పనికిరాదు, ఎందుకంటే అది తర్వాత ఆర్‌ఎన్‌ఏను కొలిచే పీసీఆర్ చర్యను అడ్డుకుంటుంది. గొట్టాన్ని గిర్రున తిప్పాక పైన తేలిన ప్లాస్మా లేతపసుపుగా ఉండాలి. గులాబీ ఛాయ ఉంటే ఎర్రకణాలు పగిలినట్టు. వాటిలో దండిగా ఉండే మిర్-451, మిర్-16 ప్లాస్మాలోకి చేరి లెక్క తప్పిస్తాయి. అందుకే సూది గుచ్చిన చెయ్యి నేర్పును బట్టి కూడా ఫలితం మారుతుంది. తర్వాత నులిపురుగుకు చెందిన మిర్-39ను తెలిసిన మోతాదులో కలిపి ఆర్‌ఎన్‌ఏను వేరుచేస్తారు. కలిపిన మిర్-39 ఎంత తిరిగి దొరికిందో చూసి పని నాణ్యత అంచనా వేస్తారు. ఆపైన ఆర్‌టీ-పీసీఆర్‌తోనో సీక్వెన్సింగ్‌తోనో కొలుస్తారు.

తెలుగు నేలతో సంబంధం

పత్తి చేలలో పురుగుమందులు చల్లే మగవారి కుటుంబాలను ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్ర సంస్థ పరిశోధకులు అధ్యయనం చేసి 1991లో ఫలితాలు ప్రకటించారు. మందు తగలని కుటుంబాలతో పోలిస్తే వీరిలో సంతానలేమి, గర్భస్రావాలు, పసికందుల మరణాలు ఎక్కువగా కనిపించాయి. చేలో మందు కొట్టింది భర్త, కడుపుకోత మాత్రం ఇంటిల్లిపాదికీ. శంషాబాద్‌కు దగ్గరలోని కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం, ఆర్సెనిక్ హెచ్చుగా ఉన్నట్టు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు చూపారు. సీసం శుక్రకణాలను దెబ్బతీస్తుందని బ్యాటరీ కార్మికులపై 1970లలోనే రుజువైంది.

ఉదాహరణకు, రంగారెడ్డి జిల్లా మహేశ్వరం మండలంలోని మంఖాల్ అనే ఊరు శంషాబాద్ విమానాశ్రయానికీ ఔటర్ రింగ్ రోడ్డుకూ దగ్గర. ఒకప్పటి పంటపొలాల నడుమ నేడు పరిశ్రమలున్న చోటు అది. ఇలాంటి ఊళ్లలో పొలానికి మందు కొట్టే తండ్రి, ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు ఒకే ఇంట్లో ఉంటారు. ఇద్దరికీ ఈ సూచికల అవసరం ఉంది.

పరిశోధనకు కావలసిన బలం హైదరాబాదులోనే ఉంది. 1977లో ఏర్పడిన సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ), వై క్రోమోజోములో ముక్కలు లోపించడం వల్ల వచ్చే పురుష సంతానలేమిపై విస్తృతంగా పనిచేసింది. పుట్టుకతో వచ్చిన లోపాన్ని, బయటి విషం చేసిన హానిని వేరుచేయడానికి ఆ జ్ఞానం తప్పనిసరి. జంతువులపై చేసే పరీక్షల కోసం తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ప్రయోగశాల జంతువుల కేంద్రం ఉంది. భద్రతా పరీక్షలకు మంచి ప్రయోగశాల పద్ధతుల (జీఎల్‌పీ) ప్రమాణాలు పాటించే భారత ప్రయోగశాలల ఫలితాలను ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) దేశాలు 2011 నుంచి అంగీకరిస్తున్నాయి.

ప్రస్తుత స్థితి

వృషణ విషహానికి ఏ ఒక్క మైక్రోఆర్‌ఎన్‌ఏనూ ఔషధ నియంత్రణ సంస్థలు ప్రామాణిక సూచికగా ఇంకా ఆమోదించలేదు. ఆమోదం రావాలంటే ఎలుకల ఫలితం మనిషికి వర్తించాలి. వయసు, పొగతాగడం, జ్వరం, వరికోసిల్ (వృషణ సిరల ఉబ్బు) వంటివి తెచ్చే మార్పులను విడదీయగలగాలి. ఒక ల్యాబులో వచ్చిన అంకె మరో ల్యాబులోనూ రావాలి. అంతవరకు మైక్రోఆర్‌ఎన్‌ఏ పేరుతో ఎవరైనా సంతాన సామర్థ్య పరీక్ష అమ్మజూపితే నమ్మి డబ్బు పెట్టకూడదు.

ఈలోగా చేయగలిగినవి ఉన్నాయి. ద్రావణులు, సీసం, హార్మోను మందుల మధ్య పనిచేసే మగవారికి పనిలో చేరినప్పుడు, ఆ తర్వాత క్రమంగా వీర్యపరీక్ష చేయించడం యాజమాన్యాల బాధ్యత. మందు చల్లే రైతు చేతి తొడుగులు, ముసుగు వాడాలి. గాలి వాలు చూసుకోవాలి. మందు తడిసిన బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలపకూడదు. పిల్లలు కలగని దంపతుల్లో మొదటిరోజే భర్తకూ పరీక్ష జరగాలి, అతడు చేసే పని ఏమిటో వైద్యుడు అడిగి రాసుకోవాలి.